కొత్త గూటికి కోళ్లు

బావా,

అమ్మకి కంటి ఆపరేషన్. బందరు వెళ్తున్నాను, రెండు రోజుల దాకా రాను. నువ్వు వేట నుంచి వచ్చాక, నువ్వు కట్టిన ఆ కొత్త కోళ్ల గూటి తలుపు మాత్రం తీసి ఉంచమాక. నూకలూ నీళ్లూ లోపలే పెట్టు. అదే తమ ఇల్లని వాటికి తెలిసేదాకా బయటికి వదలకూడదు. మొన్న నువ్వు వదిలేశావు, పొద్దుగూకేసరికి అన్నీ వెళ్లి పాత గంప ఉండే చోటే కూర్చున్నాయి.

మళ్లీ పోకుండా నల్లపెట్ట కాలికి వలతాడు కట్టి గూటి పైకర్రకి బిగించావు చూడు, ఆ తెలివికి దండం పెట్టాలి. అది పడవ కాదు, కోడి. కట్టేసిన చోట ఊగుతూ ఉండదు. తాడు చుట్టుకుని తలకిందులుగా వేలాడుతుంటే నేనే ఆ తాడు కోసి దింపాను. పక్కింటి అంకమ్మరావు మావయ్య చూసి నవ్వాడు. ఈపాటికి రేవంతా చెప్పే ఉంటాడు.

పాత గంప కింది గడ్డి తెచ్చి గూట్లో పరిచాను. చెత్త అనుకుని ఊడ్చెయ్యమాక. ఆ వాసన ఉంటేనే అవి కుదురుకుంటాయి.

పులుసు పొయ్యి మీదుంది. వేడి చేసుకోవడమైనా వచ్చనుకుంటాను.

రేవతి

నన్ను తెచ్చినప్పుడూ ఇంతేగా. తాళంచెవి చేతిలో పెట్టి మర్నాడే వేటకెళ్లిపోయావు. నేనంటే ఎలాగో అలవాటు పడ్డాను. కోళ్లకి ఆ ఖర్మేమిటి? సాయంత్రం కాసేపు వాటి దగ్గర కూర్చో.