ఏగన్ అన్నయ్య గది

హోల్‌బర్గ్ కోట, 1907

...అందుకే నిన్ను రమ్మని నిన్న రాసింది చింపేశాను, ఏగన్ అన్నయ్యా. నాన్న రమ్మన్నారని రాకు. చర్చిలో ఆర్గన్ వాయించేవాడి కూతుర్ని చేసుకున్నావు కదా, రాకుమారుడి బిరుదు వదులుకుంటానని సంతకం పెట్టమంటే పెట్టలేదు. ఇప్పుడు ఆస్థాన డాక్టరు నిన్ను చూడకుండానే నీకు పిచ్చని రాసిచ్చేశాడు. పిచ్చివాడి పెళ్లి చెల్లదట.

"పిచ్చోడంటే జనం జాలిపడతారే, ఆ పిల్ల మొగుడంటే నవ్వుతారు," అన్నారు నాన్న.

నీ గది కిటికీలకి లోపలివైపు ఇనుప ఊచలు బిగించారు. నీకిష్టమని ప్లమ్ కేకు కూడా చేయించారు.

నాన్నకి నీ అడ్రసు చెప్పింది నేనే. ఆయన కోపం తగ్గిందనుకున్నాను.

మా ఇంగ్లీషు టీచరమ్మ దీన్ని తన ఉత్తరంలో దాచి రేపు పంపుతానంది. ఆవిడవి నాన్న విప్పరు.

ఎవరో తలుపు కొడుతున్నారు. పనమ్మాయి.

"అమ్మాయిగారూ, కిందికి రండి! చిన్నదొరగారి బండి వచ్చేసింది, నవ్వుతూ దిగుతున్నారు!"

దీన్ని పరుపు కింద పెట్టేస్తున్నా.