నాయన కట్టిన సమాధి

ఆదివారం రాత్రి, బంగారుపాళ్యం

అమ్మ పోరు పడలేక ఇవాళ ఆ పాత సినిమా తీసిన మామిడితోపుకు తీసుకెళ్లాను. సినిమాలో చచ్చిపోయే హీరో కోసం అప్పట్లో మేస్త్రీగా నాయన కట్టిన ఉత్తుత్తి సమాధి ఇంకా ఉంది. చూడవచ్చినవాళ్లు చెప్పులు విడిచి మరీ దానికి దండలేస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. నాయనను పూడ్చిన చోటును రోడ్డు వెడల్పు చేసేటప్పుడు తవ్వేశారు. దాని మీద ఇప్పుడు లారీలు తిరుగుతున్నాయి.

అమ్మ కొంగుముడిలోంచి కర్పూరం తీసింది.

“దాంట్లో ఎవురూ లేరు కదమ్మా,” అన్నాను.

“అది నాకూ తెలుసు రా. మీ నాయన సెయ్యి పడినేది ఇదొకటే గదరా మిగిలుండేది.”

గాలికి రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి నేనే చేతులు అడ్డం పెట్టాను.

తిరిగొస్తుంటే తోపు గట్టున కొత్తగా నాటిన రోడ్డు సర్వే రాళ్లు కనబడ్డాయి. అమ్మకు చెప్పలేదు.