జనరేటరు ఉన్న ఇల్లు

బగాకాయ్,
ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక

ప్రియమైన చెల్లి ఎర్లిండాకు,

అక్క ఫెలీ ఆశీస్సులతో రాస్తున్నది. మరియమాత చల్లని చూపు వల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. నాన్నకు వాన వచ్చే ముందు మోకాలు లాగుతోంది, అంతే. హాంకాంగులో నీ ఆరోగ్యం కోసం, నువ్వు పెంచుతున్న ఆ ఇంటి పిల్లల కోసం రోజూ జపమాలలో ఒక పూస పక్కన పెడుతున్నాను.

ఇదంతా ఫోనులో చెప్పవచ్చుగా అంటావు. కరెంటుతో పాటు ఫోను టవరూ పోతోంది. ఇది మధ్యలో తెగిపోకూడని మాట. పక్కింటి నెనీతా సెలవు అయిపోయి అక్కడికి తిరిగి వస్తోంది. ఉత్తరం దాని చేతికే ఇస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నువ్వు పంపిన బ్యాటరీ పెట్టె చేరింది. ఫ్యాను తిప్పుతుంది. ఫోనుకు ఛార్జింగు పెడుతుంది. జెనెల్ ఉబ్బసానికి పెట్టే ఆవిరి మందు యంత్రాన్ని మాత్రం మోయలేదు, తగిలించగానే కీచుమని ఆరిపోతుంది. వృథా పోలేదులే, నాన్న రేడియోకు పెట్టాను. నీ కూతుర్ని పట్నంలో హాస్టల్లో వేయమని రాశావు. ఎనిమిదేళ్ళ పిల్ల, అందులోనూ ఉబ్బసం. నేను వేయను.

కరెంటు బాగుపడిందా అని అడిగావు. లేదు. మన వీధి ఆడవాళ్ళం కలిసి ప్రతి బుధవారం కరెంటు ఆఫీసుకు వెళ్తున్నాం. కిటికీ వెనక ఉద్యోగి ఎప్పుడూ ఒకటే చెబుతాడు, తీగ మీద కొమ్మ పడిందని. మొన్న బేకరీ నడిపే కూస్తింగ్ ఊరుకోలేదు.

"రోజూ కొమ్మ పడితే ఈపాటికి దీవి మొత్తం బోడిగుండు అయ్యుండాలి కదయ్యా?"

"నన్నడిగితే ఏం లాభం పిన్నిగారూ? మా ఇంట్లోనూ లేదు."

"అయితే అవతలెందుకు కూర్చున్నావు? ఇటొచ్చి మా వరసలో నుంచో."

అతనికీ నవ్వొచ్చింది. మేం గేటు ముందే జపమాల ముగించుకుని వచ్చాం. ఈ బుధవారమూ వెళ్తాం. దీపాలు నిలబడేదాకా వెళ్తూనే ఉంటాం.

ఇక అసలు సంగతి. జెనెల్ ఇప్పుడు బాగుంది. ఆ మాట ముందు చదువుకో, తరువాతే కిందకి రా.

ఇది జపమాల మాసం కదా. చర్చిలోని మరియమాత స్వరూపం, ఆ చిన్న విగ్రహం, ఇంటింటికీ తిరుగుతూ మంగళవారం సాయంత్రం మనింటికి వచ్చింది. మధ్యాహ్నం నుంచే కరెంటు లేదు. సముద్రం మీది గాలికి కొవ్వొత్తులు నిలవడం లేదు. స్వరూపం ముందు దీపం ఆరిపోకూడదని మనవాళ్ళ పట్టింపు నీకు తెలుసు. కిటికీలన్నీ మూయమన్నాను. దోమలకు ఎవరో కాయిల్స్ వెలిగించారు. ఇల్లు నిండా మనుషులు, మైనం పొగ, కాయిల్స్ పొగ. దీపం ఆరకూడదనే చూసుకున్నాం గానీ, పిల్ల వంక ఎవరం చూడలేదు.

జపమాలలో నాలుగో రహస్యం చెబుతుంటే జెనెల్ నా లంగా అంచు పట్టుకుని లాగింది. మాట రావడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. నోట్లో కొట్టే మందు రెండుసార్లు కొట్టాను, చాలలేదు. ఆరోగ్య కేంద్రంలోనూ కరెంటు లేదు. పట్నం ఆసుపత్రికి ఎంత దూరమో నీకు తెలుసు. తలుపు తీసి వీధిలోకి వస్తే ఊరంతా చీకటి. మలుపు దగ్గర ఒక్క ఇంట్లోనే జనరేటరు మోగుతోంది.

అవును. మీ అత్తగారు విసెంతా ఇల్లు.

నువ్వు సెలవుకు వచ్చి ఉండగానే నీ మొగుడు రొడెల్ నిన్ను వదిలి ఆ సెబూ ఊరి మనిషితో వెళ్ళిపోయిన రోజు ఆవిడ నీ మొహం మీద అన్న మాట నేనూ విన్నాను. "పెళ్ళాం పరాయి దేశంలో ఊడిగానికి పోతే మగాడు ఏం చేస్తాడు?" అంది. నేను మరిచిపోలేదు. నీ బిడ్డను ఆ గడప తొక్కనివ్వనని నీ చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. అదీ మరిచిపోలేదు. పిల్లను వీపున వేసుకుని, యంత్రం చంకన పెట్టుకుని ఆ గడపే తొక్కాను.

ఐసు కొనేవాళ్ళమనుకుని ఆవిడ తలెత్తకుండానే అంది, "ఐసు అయిపోయింది, రేపు రండి."

"ఐసు కోసం కాదమ్మా. నేను ఫెలీని."

"ఓహో! మా గుమ్మం ఎక్కబోమని ఒట్టు పెట్టుకున్నవాళ్ళకి దారెలా కనబడింది ఈ చీకట్లో?"

"తిట్టేవి తరువాత తిట్టండి. ప్లగ్గు ఎక్కడుందో చూపించండి."

అప్పుడు నా వీపు మీద పిల్లను చూసింది. టేబులు మీది సామానంతా మోచేత్తో కిందకు తోసేసింది.

యంత్రం నడిచింది, ఆగింది. మళ్ళీ నడిచింది, మళ్ళీ ఆగింది. చేపల ఫ్రీజరు మోటారు అందుకున్నప్పుడల్లా దీనికి కరెంటు చాలడం లేదు. పడవలవాళ్ళు తెచ్చిన సరుకంతా అందులోనే ఉంది, పొద్దున రేవుకు పోవాలి. ఆవిడ వెళ్ళి ఫ్రీజరు వైరు పీకేసింది.

"చేపలు పాడైపోతాయమ్మా," అన్నాను.

"అవి ఊపిరి మానేసి రెండు రోజులైంది. నువ్వు దీని సంగతి చూడు."

నేల మీద చతికిలబడి, పిల్ల ముక్కుకు మాస్కు తనే పట్టుకుంది. మందు అయ్యేదాకా చెయ్యి కదపలేదు. నేను దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. మెల్లగా పెదవులకు రంగు వచ్చింది. మాస్కు తీయగానే జెనెల్ అన్న మొదటి మాట ఏమిటో తెలుసా?

"మీ కోడిపుంజు రోజూ మా బడికి వస్తుంది."

"వచ్చి?"

"నేను బిస్కెట్టు పెడతాను."

"నువ్వేనా పెట్టేది? ఆ మహారాజు ఇంట్లో గింజ ముట్టడం లేదేమిటా అనుకుంటున్నాను!"

ముగ్గురం నవ్వాం. నేనెందుకు నవ్వానో నాకే తెలియదు.

ఈలోగా మనింట్లో జపం ఆపేసిన ఆడవాళ్ళు స్వరూపాన్ని ఎత్తుకుని మా వెనకే వచ్చారు. కూస్తింగ్ వాకిట్లో నిలబడి, "మిగతాది ఎక్కడ చెబుదాం ఫెలీ?" అంది. నేను జవాబు చెప్పేలోపే మీ అత్తగారు చేతులు తుడుచుకుంటూ లేచింది. "అమ్మను వీధిలో నిలబెడతారా? లోపలికి తీసుకురండి. కొవ్వొత్తులు మాత్రం బయటే," అంది. కిటికీలన్నీ తనే బార్లా తెరిచింది. బల్బు వెలుగులో మిగిలిన రహస్యాలు ముగించాం.

ఆవిడ క్షమించమని అడగలేదు. నేనూ అడిగించలేదు. అది మీ ఇద్దరి మధ్య సంగతి. నేను మాత్రం ఒక్కటి గట్టిగా చెప్పాను. "పిల్ల ఇక్కడికి వస్తుంది. మీ అబ్బాయి పేరు దాని ముందు ఎత్తకూడదు. అతను ఫోను చేస్తే దాని చేతికి ఇవ్వకూడదు. దాని తల్లిని ఒక్క మాట అన్నా మళ్ళీ మా మొహం చూడరు."

కింద పడ్డ సామాను ఏరుకుంటూ, "వాడు నాకే ఫోను చెయ్యడులే," అంది.

మరునాడు చేపల్లో సగం పారబోసుకున్నారు. ఆ మాట ఆవిడ చెప్పలేదు, పడవలవాళ్ళు చెప్పారు.

ఎర్లిండా, యంత్రం ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంది. బడి వదలగానే జెనెల్ నేరుగా అక్కడికే వెళ్తుంది. చీకటి పడ్డాక నేను తీసుకొస్తాను. నానమ్మ అని పిలుస్తోంది. నేను పిలవమనలేదు, వద్దనీ అనలేదు.

నీకు మండుతుందని తెలుసు. మండితే నా మీద పడు, ఆ ఇంటికి మాత్రం ఫోను చేయకు. నిన్ను ముందు అడగవలసింది కదా అంటావు. అడిగితే వద్దంటావు. వద్దంటే నీ మాట కాదనలేక ఆలస్యం చేస్తానేమోనని అడగలేదు. ఆ పెదవుల రంగు నువ్వు చూడలేదు, నేను చూశాను.

అమ్మకు ఏం రాయమంటావని జెనెల్‌ను అడిగాను. "ఊపిరి బాగా ఆడుతోందని రాయి పెద్దమ్మా," అంది. రాశాను.

నీకిచ్చిన మాట తప్పాను. కరెంటు పోయిన ప్రతిసారీ తప్పుతూనే ఉంటాను. నీ కోసం ప్రార్థిస్తూనే తప్పుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దక్క
ఫెలిసిదాద్