ముందు పని

ఫిబ్రవరి 3

ఇవాళ్టి నుంచి జంక్షన్‌లో పాత వంతెన సగం మూసేశాం. రెండు వైపుల బళ్లూ మిగిలిన సగం మీదే నడవాలి. మూసిన సగం కూల్చి కొత్తది కట్టాక, బళ్లన్నిటినీ దాని మీదకి మారుస్తాం. మా భాషలో షిఫ్ట్ అంటారు. అంతవరకూ ట్రాఫిక్ ఆగకుండా చూడడమే నా ఉద్యోగం. వంతెన ఆగినా పర్లేదు, బండి ఆగకూడదు అంటాడు మా చీఫ్ ఇంజనీరు.

వంతెన మొదట్లో బోర్డు పెట్టించాను. ‘ముందు పని జరుగుతోంది.’ మా ఆయన చూస్తే నవ్వుతాడు. ఇల్లు వదిలి వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోయేటప్పుడు అన్న మాట అదే కదా, నీకెప్పుడూ ముందు పని, తర్వాతే మొగుడు అని. చూడక ఎక్కడికి పోతాడు? తొమ్మిదో నంబరు బస్సు నడిపేది ఆయనే. రోజూ ఈ దారే.

ఫిబ్రవరి 4, ఉదయం 8

చూశాడు. నవ్వలేదు.

ఫిబ్రవరి 11

డ్రైవర్లందరూ క్రేన్‌కేసి నోరెళ్ళబెట్టి చూస్తున్నారు. ఒకడు చూస్తూ బ్రేకు వేస్తే వెనక అంతా నత్తనడక. బారికేడ్ల పొడుగునా ఆకుపచ్చ గుడ్డ కట్టించమన్నాడు చీఫ్. కట్టించాను. నా క్యాబిన్ ఎదురుగా మాత్రం మనిషి పట్టేంత సందు వదిలేశాను. గాలి కోసం అని మేస్త్రీకి చెప్పాను. తలూపాడు. ఆ గాలి ఏ నంబరు బస్సులో వస్తుందో అతనికి తెలిసిపోయినట్టే ఉంది.

మార్చి 1

సందులోంచి ఆయన కనిపించేది రెప్పపాటు. చొక్కాకి ఇస్త్రీ లేదు. తమ్ముడి చొక్కా ఇస్త్రీ చెయ్యడానికి వదినకేం తెగులు? ఆ మాటకొస్తే ఆయన చేతులకేం తెగులు?

ఇంట్లో రోజూ రెండు కప్పులు కడుగుతున్నాను. తాగేది ఒకదాంట్లోనే.

ఏప్రిల్ 2

వదిన ఫోన్ చేసింది. వాడు మెత్తబడ్డాడే, నువ్వొచ్చి ఒక్క మాటంటే చాలు, బ్యాగు సర్దుకుంటాడు అంది. షిఫ్ట్ అవగానే వస్తాను వదినా, ఊపిరి తీసుకోడానికి తీరిక లేదు అన్నాను. నీ ఇష్టమమ్మా అంది. వదిన నన్ను ‘అమ్మా’ అందంటే కోపం వచ్చినట్టు.

ఏప్రిల్ 9

చిన్న యాక్సిడెంట్. ఎవరికీ ఏమీ కాలేదు. నా సందు దగ్గరే. తొమ్మిదో నంబరు అక్కడికొచ్చి నెమ్మదించింది, వెనక కారు గుద్దింది. ఇక్కడ గుడ్డేదీ అన్నాడు చీఫ్. గాలి కోసం అన్నాను. నా మొహంకేసి చూసి, కట్టెయ్యి అన్నాడు.

నా చేత్తోనే కట్టాను. కడుతుంటే తట్టింది. నెమ్మదించాడంటే నన్ను చూస్తున్నాడన్నమాట. ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదు, గుడ్డ అడ్డం ఉంది.

ఏప్రిల్ 10, ఉదయం 8

గుడ్డ అవతల రెండు హారన్లు. పొట్టిగా. ఆయనే.

మే 17

రోజూ రెండు హారన్లు. వినగానే క్యాబిన్ రేకు మీద నేనూ రెండుసార్లు కొడుతున్నాను. ఆ రొదలో వినపడుతుందా పాడా. ఆ పూటంతా మాత్రం పని చులాగ్గా సాగుతుంది. వదిన మళ్ళీ మళ్ళీ చేస్తోంది. ఎత్తడం లేదు. ఎత్తితే ఎప్పుడొస్తావంటుంది. షిఫ్ట్ అవనీ.

జులై 6

షిఫ్ట్ అయింది. ఒక్క బండీ ఆగలేదు. చీఫ్ చెయ్యి కలిపాడు. గుడ్డలు విప్పేశారు. రేపు సాయంత్రం వదిన ఇంటికి వెళ్తాను.

జులై 7, ఉదయం 8

తల దువ్వుకుని, ఆయనకి నచ్చే నీలం చీర కట్టుకుని క్యాబిన్ బయట నిలబడ్డాను. తొమ్మిదో నంబరు వచ్చింది. రెండు హారన్లు కొట్టింది. నడుపుతున్నది ఎవరో బట్టతలాయన.

మధ్యాహ్నం

స్టాపులో పట్టుకుని అడిగాను. ఈ రూటు పాత డ్రైవరు మే మొదట్లోనే అడిగి మరీ దూరపు డిపోకి మార్పించుకున్నాడట. వెళ్ళేముందు వీళ్ళకి రూటు చూపిస్తూ, ఈ గుడ్డ దగ్గర రెండు హారన్లు కొట్టండి, మరిచిపోకండి అన్నాడట. ఎందుకో అడగలేదా అన్నాను. పనివాళ్ళు అడ్డమొస్తారు కాబోలు అనుకున్నాం, అప్పట్నుంచీ అందరం కొడుతున్నాం అన్నాడు.

ఇన్నాళ్ళూ నేను రేకు కొట్టింది ఈ బట్టతలకి.

జులై 8

వదినకి ఫోన్ చేశాను. ఆ కబురు చెబుదామనే కదే అన్నిసార్లు చేశాను, నువ్వెత్తితేగా అంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. డిపో ఎక్కడో చెప్పింది, మంచినీళ్ళు తీసుకెళ్ళు, చాలా దూరం అంది.

చీఫ్‌ని సెలవు అడిగాను. పాత సగం ఇంకా కూల్చాలి, ముందు పని చూడు అన్నాడు. ముందు సెలవివ్వండి సార్, తర్వాతే పని అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

జులై 10, బస్సులో

తొమ్మిదో నంబరు. చివరి స్టాపుకి టికెట్టు, అక్కణ్ణించి ఇంకో బస్సు.

క్యాబిన్ నిన్ననే ఎత్తేశారు. ఆ ఖాళీ జాగా దగ్గర బట్టతలాయన రెండు హారన్లు కొట్టాడు.

నేను చెయ్యి ఊపాను.