వస్తామంటేనే మా రోడ్డు

ఈ నంబరు ఎవరిదో వారికి, అలాము దండాలు.

లేదు సార్, మీరు చూసిన రోజు మా రోడ్డు మీద గుంటలు నిజంగానే లేవు. మీ కళ్ళ తప్పేం కాదు. ముందురోజు లారీలొచ్చి ఎర్రమట్టి పోసి, రోలరు తిప్పి పోయాయి. మర్నాడు మీరొచ్చారు, చూశారు, పెండలం ముద్దని ఎగుసి గింజల పులుసులో ముంచుకు తిన్నారు, వెళ్ళారు. ఆ వారమే వాన పడింది. మట్టి కూడా మీ వెనకాలే వెళ్ళిపోయింది.

నేను అరారోమి మలుపులో మా మేస్త్రీ దగ్గర టైర్లకి పంచర్లు వేస్తుంటా. మీ శాసనసభ రవాణా కమిటీ బ్యానరు ఇప్పుడు మా కొట్టు పైకప్పు. వెల్లకిలా పడుకుంటే ఈ నంబరే కనిపిస్తుంది. 'సలహాలు పంపండి' అని ఉంది.

సలహా ఏం లేదు. ఒకటి అడగాలంతే. మళ్ళీ ఎప్పుడొస్తారు?

ఇట్లు, అలాము

తా.క. ఫోన్ మాత్రం చేయకండి. నాకు మాట్లాడాలంటే సిగ్గు.

*

శ్రీ అలాము గారికి,

రాష్ట్రమంతటికీ పదేళ్ళ రోడ్ల ప్రణాళిక వేసేది రోడ్ల శాఖ. వేసిన ప్రకారం పని జరిగిందా లేదా అని శాసనసభ తరఫున చూసేది మా కమిటీ. మీ రోడ్డు 'సంతృప్తికరం' అని మా నివేదికలో నమోదైంది.

మా పర్యటన కోసం మీ ఊరు ఇంతగా ఎదురుచూస్తోందని తెలిసి అధ్యక్షులు గౌరవ లాటున్‌జి గారు చాలా సంతోషించారు.

భవదీయురాలు,
శ్రీమతి అ. ఒదున్లామి,
కమిటీ కార్యదర్శి

తా.క. నేను సార్ కాదు.

*

మేడమ్ గారికి, నేల మీద బోర్లా పడుకుని పెట్టిన దండం.

నిజంగానే పడుకున్నా. మా మేస్త్రీ చూసి "ఏరా, చొక్కాతో కొట్టు ఊడుస్తున్నావా?" అన్నాడు.

రోడ్ల శాఖ పని చేస్తుంది, మీరు వాళ్ళని చూస్తారు. బాగుంది. మరి మిమ్మల్ని ఎవరు చూస్తారు? ఊరికే అడిగా, కోపం వద్దు. ఇంకోటి. మీరు ఎప్పుడొస్తారో వాళ్ళకి ముందే చెప్పి వస్తారెందుకు?

వచ్చే నెల మూడో వారంలో రండి మేడమ్. ముందూ వద్దు, తర్వాతా వద్దు. ఎందుకో మాత్రం అడక్కండి. మగపిల్లాడు చెప్పే సంగతి కాదు.

ఇట్లు, అలాము

తా.క. గుంటలు పూడితే పంచర్లు తగ్గుతాయి. నేను మీకు రాస్తున్నట్టు మా మేస్త్రీకి చెప్పకండి.

*

శ్రీ అలాము గారికి,

మిమ్మల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్న కమిటీ ముందు పెట్టాను. టీ తెప్పించారు.

ఫలానా వారమే రమ్మనడం, కారణం దాచడం చూసి అధ్యక్షుల వారికి విషయం అర్థమైపోయింది. మీ ఊరివాళ్ళు ఆయనకు రహస్యంగా గౌరవ బిరుదు ఇవ్వబోతున్నారట. "నేను వద్దంటానని భయపడి దాస్తున్నారు పాపం" అన్నారు. కొత్త అగ్బాదా అంగీ కుట్టడానికి ఇచ్చారు, టోపీతో సహా.

మీరు దాచారు కాబట్టి ఆయన కూడా చెప్పకుండానే వస్తారట. రోడ్ల శాఖకు కూడా కబురు పెట్టవద్దని నాకు గట్టిగా చెప్పారు.

భవదీయురాలు,
శ్రీమతి అ. ఒదున్లామి

తా.క. ఫోన్ చేస్తే మూడుసార్లూ కట్ చేశారెందుకు?

*

అమ్మో మేడమ్! చెప్పకుండా రావద్దు!

మీరు చెప్పకుండా వస్తే లారీలు రావు. లారీలు రాకపోతే మా మొరెనికే అక్క ఆసుపత్రికి ఎలా పోతుంది? దాని నెలలు నిండేది ఆ వారమే. ఇది నేనెలా చెప్పేది? టైపు చేస్తుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి.

వానల్లో వాగు దగ్గర ఏ బండీ దాటదు. బైకు మీద తీసుకెళ్తారు, సగం దారిలోనే కాన్పు. దారిలో పుట్టారని ఆ పిల్లలకి అబియోనా అని పేరు. మా వీధిలో నిలబడి "అబియోనా" అని పిలిస్తే నలుగురు పలుకుతారు, ఒక మేక కూడా. మా అమ్మయితే అక్క కడుపు చూసి "పుట్టేది ఎలాగూ దారిలోనే, ఇంకో పేరు వెతకడం దేనికి" అంటుంది. అది విని అక్క వంటింట్లోకి వెళ్ళి ఏడుస్తుంది. పోయినేడు అబియోనాని కన్న మా పిన్ని తిరిగి ఇంటికి రాలేదు. పిల్లాడొక్కడే వచ్చాడు.

మీరు రాకపోయినా పర్లేదు. వస్తామని వాళ్ళకి చెప్పండి చాలు.

ఇట్లు, అలాము

తా.క. బిరుదు సంగతి మా ఊరిపెద్దని కనుక్కున్నా. "పోయినసారి నా కుర్చీలో కూర్చుని లేవలేదు. అది చాలదా ఆయనకి?" అన్నారు.

*

అలామూ,

బిరుదు లేదని చెప్పగానే అధ్యక్షుల వారికి ఆ వారం వేరే పని గుర్తొచ్చింది. పర్యటన రద్దయింది.

అయితే కమిటీ మూడో వారంలో తప్పక వస్తుందని రోడ్ల శాఖకు నిన్ననే రాసేశాను. రద్దయిందని రాయడం మర్చిపోయాను. వయసు మీద పడుతోంది కదా.

ఇట్లు, ఒదున్లామి ఆంటీ

తా.క. నివేదికలో 'సంతృప్తికరం' అన్నచోట 'కమిటీ వస్తుందంటే సంతృప్తికరం' అని దిద్దాను. ఎవరూ చదవకుండానే సంతకాలు పెట్టారు.

*

ఆంటీకి, ఈసారి మేస్త్రీ కూడా పక్కనే పడుకుని పెట్టిన దండం.

లారీలొచ్చాయి! ఈసారి వాగు దగ్గర కంకర కూడా పోశారు. మీకోసం ఊరంతా డప్పులతో నిలబడింది. మీరు రాలేదని ఊరిపెద్ద కాసేపు అలిగారు, తర్వాత మీ వంతు కోడి కూడా ఆయనే తినేశారు. మర్నాడు అక్క ఆటోలో వెళ్ళింది. కూర్చుని వెళ్ళింది ఆంటీ! ఆడపిల్ల పుట్టింది, మంచం మీద. ఇద్దరూ ఇంటికొచ్చారు.

ఎనిమిదో రోజున పేరు పెడతాం. మీ పేరే పెట్టాలని అక్క పట్టుబట్టింది. 'అ' అంటే ఏంటో కనుక్కోమంది.

ఇట్లు, అలాము

తా.క. ఇప్పుడు ఫోన్ చేయొచ్చు. నేనెత్తను గానీ, అక్క ఎత్తుతుంది.

*

అలామూ,

'అ' అంటే అబియోనా.

నేనూ ఓ వాగు దగ్గరే పుట్టాను. మా అమ్మ ఇంటికి రాలేదు. అందుకే ఇన్నేళ్ళూ ఒక్క అక్షరంతో సరిపెట్టుకున్నాను. నీ మేనకోడలు మంచం మీద పుట్టింది, దానికి నా పేరు వద్దు. కావాలంటే మేకని నా పేరుతో పిలుచుకో, నాకేం కోపం లేదు.

కమిటీ మళ్ళీ ఎప్పుడొస్తుందని రోడ్ల శాఖవాళ్ళు అడుగుతున్నారు. తేదీ రాసి పంపాలి.

ఇట్లు, నీ అబియోనా ఆంటీ

తా.క. సిగ్గుపడకుండా అమ్మని అడిగి చెప్పు. వచ్చే నెల మీ ఊళ్ళో ఎవరికి నెలలు నిండుతున్నాయి?