గదిలో దాచిన ఆరు పిల్లలు

అక్కా,

అమ్మకి ఇక నెలే గడువని తమ్ముడికి చెప్పొద్దన్నావు. పరీక్షలయ్యేదాకా వాణ్ణి హాస్టల్లోనే ఉంచుదామన్నావు.

మా పరిశోధన కేంద్రం చుట్టూ మేం పరీక్షించే అడవి కుందేళ్లకు వైరస్ సోకినప్పుడు, జాలిపడి ఆరు పిల్లల్ని నా గదిలో దాచాను. తల్లి రక్తం నుంచి వచ్చిన రక్షణ పిల్లల్లో కొన్ని వారాలే ఉంటుంది. బయట ఉన్న పిల్లలు ఆ రక్షణ ఉన్న వారాల్లోనే జబ్బుపడి, తట్టుకుని బతికాయి. వాటికి ఇక జన్మలో ఆ భయం లేదు. నావి రెండు నెలలు హాయిగా పెరిగాయి. బయట వదిలిన నాలుగో రోజున, అదే జబ్బుతో పోయిన ఆరింటినీ నేనే ఏరుకొచ్చి తూకం వేశాను.

"భలే బొద్దుగా పెంచావమ్మా," అన్నాడు కాపలా తాత. నాకు ఏడుపు రాలేదు. రిజిస్టరులో బరువులు రాసుకున్నాను.

వాణ్ణి రేపే తీసుకురా. ఏడుస్తాడు, ఏడవనీ. ఊరుకోబెట్టడానికి అమ్మ ఇంకా ఉంది.

నీ చెల్లి