స్పీకర్ల విషయంలో నేను నోరెత్తను

12 జూన్ 2016, ఆదివారం

కొత్తింట్లో ప్రార్థన బాగా జరిగింది. పాస్టరు గారు గది గదికీ వెళ్ళి దీవించేరు. చీపురుపల్లి సంఘమంతా వచ్చింది. చికెన్ పలావు సరిపోయింది. దేవుడికి స్తోత్రం!

ఆగనిదల్లా మా వదిన నోరు. మా ఆయన అక్క, సీతమ్మ. పలావు ప్లేటు చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగింది.

"టైల్సు ఎవరు సెలెక్ట్ చేసేరు?" శాంతి, అంటే నేనే. "కర్టెన్లో?" శాంతి. "సోఫా?" శాంతి.

"ఒరే కృపానిధీ, నీ కళ్ళజోడైనా నువ్వు ఎంచుకున్నావేట్రా?"

అందరూ నవ్వేరు. ఆయనా నవ్వేరు. నవ్వి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అదీ నేను ఎంచిందే.

తర్వాత గట్టిగా అన్నారు: "హాల్లోకి టవర్ స్పీకర్లు వస్తాయక్కా. అవి నేనే సూసుకుంటాను. నేనొక్కణ్ణే."

ఆ "ఒక్కణ్ణే" నాకు తగిలింది. నిజమే కదా. ఈ ఇంట్లో ఆయనది ఏటుంది?

తీర్మానం: స్పీకర్ల విషయంలో నేను నోరెత్తను. రంగు చెప్పను, సైజు చెప్పను. ఏది తెచ్చినా "చాలా బాగుంది" అంటాను. మూడో తరగతి పిల్లల తప్పులు దిద్దీ దిద్దీ అలవాటైన నోరే, అయినా మూసుకోలేనా? ఎంత పని!

13 జూన్, సోమవారం

రాత్రి భోజనాల దగ్గర: "పాటలకీ సినిమాలకీ రెండింటికీ ఒకటే జత కావాలి శాంతీ."

నేను: "మంచిది."

ఒక్క ముక్క! మా మెర్సీ అన్నం తినడం ఆపి నా నుదురు ముట్టుకు చూసింది, జ్వరమేమోనని. ఇంటరు చదివే పిల్లకి ఎంత వేళాకోళం.

15 జూన్, బుధవారం

ఆయన కామర్స్ లెక్చరరు. ఇప్పుడు ఫోనులో ఫిజిక్స్ చదువుతున్నారు. వాట్లట. ఓములట. టవర్ స్పీకరంటే బల్ల మీద పెట్టేది కాదట, నేల మీద మనిషిలా నిలబడతాదట. వాళ్ళ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సాయికిరణ్‌ని అడిగితే "ముందు గది కొలతలు సెప్పండి సార్" అన్నాడట.

టేపు పట్టుకుని గోడ దగ్గర కూర్చున్నారు. టేపు తలకిందులుగా పట్టుకున్నారు.

చెప్పలేదు. స్తోత్రం.

18 జూన్, శనివారం

బస్సులో విజయనగరం వెళ్ళేం. నగరేశ్వరరావు గారి షాపు. కింద మిక్సీలు, ఫ్యాన్లు. మేడ మీద చల్లటి గది, అందులో స్పీకర్లు.

మొదటి జత. సినిమాలో కార్లు గుద్దుకున్నాయి. మాకిచ్చిన సోడా సీసాలు టీపాయ్ మీద నడిచేయి! నా గుండె ఒక చోట, నేనొక చోట. తర్వాత పాట పెడితే గాయకుడు నూతిలోంచి పిలుస్తున్నట్టుంది.

రెండో జత. పాట అమృతం. కానీ బాంబు పేలితే వేరుశనక్కాయ ఒలిచినట్టుంది.

నగరేశ్వరరావు గారు అన్నారు: "పాటకి గొంతుండాల, సినిమాకి గుండె ఉండాల. రెండూ ఉన్నది దొరకడం, సార్, పెళ్ళిసంబంధం కన్నా కష్టం."

నేను దగ్గేను. అంతే. దగ్గడం మాట్లాడటం కాదు.

ఆయన గిరుక్కున తిరిగి "ఏటి?" అన్నారు.

"దుమ్ము."

ఆ తర్వాత జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, "నువ్వు కిందకెళ్ళి మిక్సీలు సూస్తండు" అన్నారు. ఎందుకో! నేను పక్కనుంటే ఎంచుకోలేరు కాబోలు. మనసు చివుక్కుమంది. మిక్సీలు చూసేను.

ఏ జతా తేలలేదు. వట్టి చేతులతో వచ్చేం.

20 జూన్, సోమవారం

పొద్దున్నే దోసె దగ్గర గొడవ.

"నీకేటనిపించింది సెప్పు."

"మీ ఇష్టమండీ."

"అంటే నీకు ఇష్టం లేదన్నమాట."

"అయ్యో, మీ ఇష్టం అన్నాను కదా!"

"ఆ అనడంలోనే తెలస్తంది."

నోరు విప్పితే తప్పు, మూస్తే తప్పు. దోసె మాడింది. మాడిన దోసె నేనే తిన్నాను.

22 జూన్, బుధవారం

మెర్సీతో అనిపిస్తే నేను అన్నట్టు కాదు కదా. బాగా ఆలోచించే చేసేను.

"మీ నాన్నతో మాటల్లో అను. నల్లవైతే దుమ్ము కనిపిస్తాదని. నేను చెప్పేనని అనకు."

అది తిన్నగా హాల్లోకి వెళ్ళి, "నాన్నా, అమ్మ చెప్పలేదు గానీ, నల్లవి వద్దంట" అంది.

నా కడుపున ఎలా పుట్టిందో!

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఫోను పక్కన పెట్టేరు. "స్పీకర్లు వద్దులే. ఆ గోడకి ఏదైనా పూలకుండీ పెట్టు" అని వీధిలోకి వెళ్ళిపోయేరు.

ఆ గోడ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. ఆయనకి ఒక్కటంటే ఒక్కటి వదిలిపెడదామనుకున్నాను. అదీ నా చేత్తోనే పాడుచేసేను.

24 జూన్, శుక్రవారం

బతిమాలేను. "రేపు మళ్ళీ వెళ్దాం. నేను కిందే ఉంటాను, మేడ ఎక్కను. ఒట్టు." క్రైస్తవులం ఒట్టు పెట్టుకోకూడదు. పెట్టేసేను. ఆయన ఒప్పుకున్నారు.

25 జూన్, శనివారం

కొత్త జత ఏదో వచ్చిందని నగరేశ్వరరావు గారు ఆయన్ని మేడ మీదకి తీసుకెళ్ళేరు. నేను కింద మిక్సీల మధ్య కూర్చున్నాను. ఈసారి మేడ మీద గది తలుపు సరిగ్గా పడలేదు. పాట వినిపిస్తంది. ఎవరో ఆడమనిషి, క్రైస్తవ కీర్తన. పరవాలేదు, బాగానే పాడతంది అనుకున్నాను. రెండో చరణం దగ్గర శ్రుతి తప్పింది.

ఆ తప్పు నాకు తెలుసు.

అది నేను! పోయినేడు స్త్రీల సమాజం కూటంలో పాడేను. ఆయన ఫోనులో రికార్డు చేసేరన్నమాట!

ఒట్టూ లేదు, గట్టూ లేదు. మెట్లెక్కేసి తలుపు తోసేను.

"ఆపండి! ఊరంతా వినిపిస్తంది! ఆ చరణం ఎలా ఉందో తెలుసా, పిల్లలు ఎక్కాలు మర్చిపోయినట్టుంది! అయినా పాట పెట్టినప్పుడు అంత సౌండేటి? ఆ స్పీకర్లు గోడకి ఆనించేస్తే మోగవేటి? దూరం జరపండి! ఈ గోధుమరంగు బాగుంది, నల్లది ససేమిరా వద్దు, దుమ్ము ఎవరు తుడుస్తారు? టేపు కూడా తలకిందులుగా పట్టుకున్నారు మొన్న!"

పదమూడు రోజులు మూసిన గేటు కదా. వరదే.

ఆగి చూసేను. నగరేశ్వరరావు గారు నోరు తెరిచి ఉన్నారు. "ఆ పాట మేడమ్‌గారిదా! పోయినవారం కూడా విన్నాను. రేడియో అనుకున్నాను."

మా ఆయన మాత్రం కళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. "ఇంకా మాట్లాడు, శాంతీ."

"ఏటి?"

"అన్నిట్లోనూ నీ పాటే పెట్టి సూస్తన్నాను. ఒకదాంట్లో నీకు జలుబు చేసినట్టుంది. ఒకదాంట్లో మీ అమ్మ పాడినట్టుంది. నీ గొంతు నీ గొంతులా రావాల. కానీ పోల్చి సూద్దామంటే నువ్వు నోరే విప్పవు! ఇంట్లో నీ గొంతు విని ఎన్నాళ్ళయింది?"

"మరి నన్ను కిందకెందుకు పంపేరు?"

"సెప్తే పెట్టనిస్తావేటి?"

నిజమే. పెట్టనివ్వను.

మళ్ళీ పాట పెట్టేరు. నేను పక్కనే నిలబడి, సిగ్గుతో సచ్చిపోతూ, ఆ చరణం సరిగ్గా పాడేను. ఆయన ఒక చెవి నాకు, ఒక చెవి స్పీకరుకి పెట్టేరు. "ఇద్దరూ ఒకళ్ళే" అన్నారు. తర్వాత సినిమా పెట్టేరు. బాంబు బాంబులాగే పేలింది. సీసాలు వణికేయి గానీ నడవలేదు.

"ఇవే!" అన్నారు. నన్ను అడగలేదు. నగరేశ్వరరావు గారితో ఎంత దర్జాగా అన్నారో!

ఎంచినది ఆయనే. నేను వట్టి తూకపు రాయిని.

26 జూన్, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి ఆటోలో దిగేయి. టీవీకి అటొకటి ఇటొకటి, పెళ్ళికొడుకుల్లా నిలబడ్డాయి. సాయికిరణ్ వచ్చి వైర్లు బిగించేడు. మెర్సీ ఆ పాటే పెట్టమని ఒకటే గోల. తీసెయ్యమన్నాను. తియ్యలేదు.

ఒక్కటే చిక్కు. గొంతు టైల్సుకి కొట్టుకుని మళ్ళీ వెనక్కి వస్తంది. ఒక శాంతికి ఇద్దరు శాంతులు. సాయికిరణ్ తేల్చేసేడు: "హాల్లో కార్పెట్ పడాల సార్."

మా ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని గదంతా కలియజూసి, "కార్పెట్ నేనే సూస్తాను" అన్నారు.

నేను: "మంచిది."

తీర్మానం: కార్పెట్ విషయంలో నేను నోరెత్తను. రంగు చెప్పను, సైజు చెప్పను. ఈసారి గట్టిగా. మెర్సీతో కూడా అనిపించను. దగ్గను.

ఎర్రది మాత్రం వద్దు.

ఇది అనలేదు, రాసేనంతే. డైరీ మూయకుండా డైనింగ్ టేబుల్ మీద ఆయన కూర్చునే వైపు పెట్టి, వంటింట్లోకి వెళ్తన్నాను.